తగిన యోగమే మేలైన యోగం

యోగమొక్కటే; అభ్యసించే పద్ధతులు అనేకం. వీటిలో ఏది గొప్పదన్న వాదం తరచూ వినిపిస్తూ ఉంటుంది. ఆ వాదం వ్యర్థమని తిరుమలై కృష్ణమాచార్యుల (1888-1989) శిష్యపరంపరే చాటుతున్నది.

మైసూరు మహారాజు ప్రోత్సాహంతో ఆయన యోగశాలను నడిపారు. ఆయన శిష్యుడు పట్టాభి జోయిస్ ప్రచారం చేసిన అష్టాంగ విన్యాసంలో ఆసనాలు శ్వాసతో జతగూడి ఎడతెగక సాగుతాయి. శ్రమకోర్చగల యువతకు అది దేహదార్ఢ్యాన్నీ, చురుకుదనాన్నీ ఇస్తుంది. మరొక శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్ బాల్యంలో క్షయ మొదలైన వ్యాధులతో కృశించినవారు. ఆయన అవయవాల అమరికకు ప్రాధాన్యమిచ్చారు. పట్టీలు, చెక్కదిమ్మెలు, కుర్చీల ఆసరాతో వృద్ధులకూ, బలహీనులకూ ఆసనాలను అందుబాటులోకి తెచ్చారు. కృష్ణమాచార్యుల కుమారుడు దేశికాచార్ ఒక్కొక్కరి వయసునూ, ఆరోగ్యాన్నీ బట్టి సాధనను మలిచారు.

2014లో ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ప్రకటించింది. నేడు యోగానికి ఆదరణతోపాటు కఠినాసనాలను ప్రదర్శించాలనే మోజు కూడా కనిపిస్తున్నది. గురువు పర్యవేక్షణ లేకుండా ఇతరులను అనుకరిస్తూ దేహాన్ని బలవంతంగా వంచితే మెడ, వెన్ను, మోకాళ్ళు దెబ్బతినవచ్చు. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాలలో ఆసనం ఒకటి మాత్రమే. యమనియమాలు దానికంటే ముందున్నాయి.

కాబట్టి విద్యార్థులు పద్ధతి పేరును కాక, తమ శరీరస్థితిని చూసుకొని సాధనను ఎంచుకోవాలి. అనారోగ్యమున్నవారు వైద్యుని సలహా తీసుకోవాలి. శ్వాస నెమ్మదించి, మనస్సు కుదుటపడి, చదువుపై ఏకాగ్రత నిలిచిననాడు ఆ సాధన ఫలించినట్లే.