మందు కలిసిన నీటికి కొలమానం ఏదీ?

తాగునీరు సురక్షితమా కాదా అని తేల్చడానికి దేశంలో అమలులో ఉన్న ప్రమాణాలు ఫ్లోరైడ్‌, నైట్రేట్‌లను, భార లోహాలను, పురుగుమందుల అవశేషాలను, మలసంబంధ బ్యాక్టీరియాను లెక్కలోకి తీసుకుంటున్నాయి గానీ, బ్యాక్టీరియాను చంపడానికి వాడే యాంటీబయాటిక్‌ల అవశేషాలకు ఎలాంటి పరిమితీ విధించడం లేదు. అందువల్ల అన్ని పరీక్షలూ నెగ్గిన నీరు కూడా మందులకు లొంగని సూక్ష్మజీవులకు పుట్టిల్లు కాగలదు.

ఈ లోపం ఎంత తీవ్రమైనదో హైదరాబాద్‌ సమీపంలోని పటాన్‌చెరు చూపించింది. సుమారు 90 ఔషధ తయారీ సంస్థల వ్యర్థజలాలు చేరే అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్‌ శాస్త్రవేత్త జోకిమ్‌ లార్సన్‌ బృందం పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్‌ అనే యాంటీబయాటిక్‌ ఉన్నట్లు 2007లో ప్రకటించింది. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదును మించిన పరిమాణమిది. రోజుకు 45 కిలోల చొప్పున అలా పోయిన మందు, అప్పట్లో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్‌ అంతటికీ ఐదు రోజుల వాడకానికి సమానం. ఆ పరిసరాల్లోని చెరువుల్లోనూ, పల్లెల బావుల్లోనూ ఔషధ అవశేషాలు ఉన్నట్లు 2009లో మరో అధ్యయనం తేల్చింది.

యాంటీబయాటిక్‌ కలిసిన నీటిలో బలహీనమైన బ్యాక్టీరియా నశించగా, మందును తట్టుకునే జన్యువులున్నవే మిగిలి వృద్ధి చెందుతాయి. ప్లాస్మిడ్‌లు అనే చిన్న డీఎన్‌ఏ వలయాల ద్వారా ఆ జన్యువులు ఒక జాతి నుంచి మరో జాతికి బదిలీ అవుతాయి కనుక, చెరువు అడుగు బురదలోని నిరపాయకరమైన బ్యాక్టీరియా సంపాదించుకున్న శక్తి క్రమంగా రోగకారక క్రిములకూ అందుతుంది. హైదరాబాద్‌ సమీపంలోని కాజీపల్లి చెరువులో ఇలాంటి నిరోధక జన్యువులు ఒక స్వీడన్‌ సరస్సులో కన్నా దాదాపు 7,000 రెట్లు అధికంగా ఉన్నట్లు 2014 నాటి అధ్యయనం చెప్పింది. మందులకు లొంగని ఇన్ఫెక్షన్లే నేరుగా కారణమై 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది మరణించారన్న అంచనాతో కలిపి చూస్తే, ఇది కేవలం పర్యావరణ సమస్య కాదని స్పష్టమవుతుంది.

పటాన్‌చెరు ఎక్కడో ఉంది కాబట్టి ఎన్టీఆర్‌ జిల్లా తిరువూరుకు ఈ చర్చతో పనిలేదనుకోవడం పొరపాటు. ఒకప్పుడు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు, అటునుంచి గోదావరికి చేరిన పటాన్‌చెరు శుద్ధి కేంద్రపు జలాలను తర్వాత 18 కిలోమీటర్ల పైపులైనుతో హైదరాబాద్‌లోని అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రానికి మళ్లించారు. అక్కడి నీరు కలిసే మూసీ నది వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. తిరువూరు ప్రాంతపు కట్టలేరు నీరు చివరికి చేరేదీ కృష్ణకే. అంత దూరం ప్రవహించేసరికి మందు పలచబడుతుందన్నది నిజమే అయినా, నిరోధక బ్యాక్టీరియా అనువైన చోట మళ్లీ పెరగగలదు. తిరువూరు నియోజకవర్గంలోని ఎ.కొండూరు తండాలను మూత్రపిండాల వ్యాధి ఏళ్ల తరబడి కుంగదీశాక గానీ వాటికి పైపుల ద్వారా ఇవే కృష్ణా జలాలు అందించే పథకం రూపుదిద్దుకోలేదు. ఆ వ్యాధిని యాంటీబయాటిక్‌లకు అంటగట్టడం సరికాదు. అయితే నీటిపై నిఘా ఆలస్యమైతే దాని భారం ముందుగా పేదల మీదే పడుతుందని ఆ తండాలు నేర్పిన పాఠాన్ని విస్మరించడమూ సరికాదు.

ఔషధ పరిశ్రమల వ్యర్థజలాల్లో వందకు పైగా యాంటీబయాటిక్‌ల అవశేషాలకు పరిమితులు ప్రతిపాదిస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా విడుదల చేసింది. 2021 ఆగస్టు నాటి తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులకు చోటు దక్కలేదు. యాంటీబయాటిక్‌ల తయారీ వ్యర్థాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో తొలిసారి మార్గదర్శకాలు వెలువరించింది కాబట్టి, ప్రమాణాలు లేవన్న సాకు ఇక చెల్లదు. కేంద్రం ఆ పరిమితులను పునరుద్ధరించాలి. కాలుష్య నియంత్రణ మండళ్లు ఫ్యాక్టరీ గేటు వద్దే అవశేషాలను కొలిచి ఫలితాలను ప్రజల ముందుంచాలి. ప్రభుత్వాసుపత్రులకు మందులు కొనే రెండు తెలుగు రాష్ట్రాలూ నార్వే, స్వీడన్‌ల తరహాలో టెండర్లలో వ్యర్థాల శుద్ధిని షరతుగా చేర్చవచ్చు. దానికి కేంద్ర నోటిఫికేషన్‌ కోసం ఎదురుచూడనక్కర్లేదు. తిరువూరు వంటి పట్టణాల్లో వైద్యుడి చీటీ లేకుండా యాంటీబయాటిక్‌ల అమ్మకాన్ని, కోళ్ల ఫారాల్లో వాటి విచ్చలవిడి వాడకాన్ని అరికట్టడం స్థానిక యంత్రాంగం చేతిలోని పని. చౌకగా దొరికే మందు కోసం నీటిని పాడుచేసుకుంటే, రేపు ఆ మందే పనిచేయని రోగానికి వైద్యం ఏ ధరకూ దొరకదు.