తాతయ్య స్టీరింగు, నా మొండితనం

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో గొడవంతా ఒక స్టీరింగు గురించే. తాతయ్యది 1984 మోడల్ అంబాసిడర్. తెనాలి చుట్టుపక్కల పెళ్లిళ్లకీ పేరంటాలకీ తిరిగి, నాన్ననీ బాబాయినీ చదివించిన బండి. ఆ స్టీరింగు నాలుగుచోట్ల పగిలింది. ఒక పగుల్లో గోరు దూరుతుంది.

"కవరు తొడిగేయరా, పోతుంది" అన్నాడు బాబాయి. నాన్నేమో "పీకి పారేసి వేరేది వేయించు" అన్నాడు. నేను రెండింటికీ ఒప్పుకోలేదు.

చక్రం లోపల ఉక్కు రింగు, పైన గట్టి ప్లాస్టిక్. ఎండకి ప్లాస్టిక్ ఉక్కుకంటే చాలా ఎక్కువ సాగుతుంది, చల్లబడితే అంతే ముడుచుకోవాలని చూస్తుంది. ఉక్కు ముడుచుకోనివ్వదు. నలభై ఏళ్లుగా ఇదే లాగులాట. (ఎస్‌ఓఎమ్‌లో థర్మల్ స్ట్రెస్ లెక్క ఇదే. పరీక్షలో వదిలేశాను, వేరే సంగతి.) కవరు పగుల్ని దాస్తుందే గానీ ఆపదు. పైగా వదులు కవరు మలుపులో జారితే? ఈ బండికి పవర్ స్టీరింగు కూడా లేదాయె.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. లోపలి ఉక్కు చీలినా, మధ్యలో షాఫ్టు కూర్చునే పళ్లు అరిగినా నేనూ నాన్న పక్షమే. అక్కడ అతుకులు పనికిరావు. చక్రం ఊడదీసి చూశాం, మెకానిక్ కూడా చూశాడు. ఉక్కు బాగానే ఉంది.

ఆకురాయితో పగుల్ని వి ఆకారంలో, ఉక్కు కనపడేదాకా వెడల్పు చేశాను. "ఉన్నది చాలదనా?" అంది అమ్మ. సన్నటి పగుల్లోకి ముద్ద దిగదు, పైపైన అంటుకుని మళ్లీ ఊడుతుంది. తుప్పు గీకి, జిడ్డు తుడిచి, ఎపాక్సీ పుట్టీ రెండు ముద్దలూ సమంగా పిసికి కూరాను. ఆగలేక సాయంత్రానికే గరుకు కాగితం పట్టాను. పెచ్చులుగా లేచొచ్చింది! మళ్లీ మొదట్నుంచి. ఈసారి పూర్తిగా ఒక రోజు ఆగాను. తర్వాత 80, 220, చివర్లో తడి చేసి 400 నంబరు కాగితం, ఆపైన నల్లరంగు.

అసలు పేచీ ఇక్కడే. ఎడమవైపు తాతయ్య బొటనవేలు ఆనించే చోట చిన్న గుంట పడింది. "అదీ పూడ్చెయ్, షోరూమ్ పీసులా ఉంటుంది" అన్నాడు నా ఫ్రెండు. పూడ్చలేదు. పగులు బండికి వచ్చిన జబ్బు. ఆ గుంట తాతయ్య చేసిన పని. రెండింటినీ ఒకే ముద్దతో కప్పేసే రిపేరు నాకు నచ్చదు.

తాతయ్యకిప్పుడు చూపు సరిగా ఆనదు. తీసుకెళ్లి సీట్లో కూర్చోబెట్టాం. చెయ్యి చక్రం మీద వెతుక్కుంటూ పోయి, బొటనవేలు ఆ గుంటలో ఆగింది.

"రంగు వాసన కొడుతోందిరా, అద్దాలు దించు" అన్నాడు.