ఓటు వేయని ఊరికీ ఆయనే ఎమ్మెల్యే

2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో మంథని నుంచి కాంగ్రెస్ నేత దుద్దిళ్ల శ్రీధర్‌బాబు వరుసగా రెండోసారి, మొత్తమ్మీద ఐదోసారి గెలిచారు. ఆ ఏడాది డిసెంబర్ 7న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో మంత్రిగా ప్రమాణం చేశారు. భయపక్షపాతాలకు, రాగద్వేషాలకు తావివ్వకుండా అందరికీ న్యాయం చేస్తానన్నది ఆ ప్రమాణంలోని మాట. అది ఎంతవరకు నిలుస్తుందో నియోజకవర్గంలోని మహదేవపూర్ లాంటి గోదావరి ఒడ్డు మండలాల్లోనే తేలుతుంది.

ఎన్నికల సంఘం ఫారం 20 పేరుతో బూత్‌లవారీ లెక్కలు బయటపెడుతుంది. ఏ బూత్‌లో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో అందులో వరుసగా ఉంటుంది. ఆ కాగితం చేతిలో ఉంటే ఏ ఊరు ఎటు మొగ్గిందో క్షణాల్లో తెలిసిపోతుంది. ఇల్లు, పింఛను, రేషన్ కార్డు జాబితాలు రాసేటప్పుడు ఆ కాగితం పక్కన ఉండకూడదు. ఇదే నా విన్నపం.

దళితబంధు లబ్ధిదారుల పేర్లు ఎమ్మెల్యేల సిఫార్సుతో ఖరారు కావడం గత బీఆర్ఎస్ ప్రభుత్వానికి ఎంత చెడ్డపేరు తెచ్చిందో చూశాం. కాంగ్రెస్ హామీ ఇచ్చిన ఆరు గ్యారంటీలకు ఆ గతి పట్టొద్దు.

మహదేవపూర్ గోడు ఒక పార్టీది కాదు. మేడిగడ్డ, అన్నారం బరాజ్‌లు రెండూ ఈ మండలంలోనే ఉన్నాయి. బ్యాక్‌వాటర్ చేలల్లోకి ఎక్కి పత్తి, మిర్చి కుళ్లిపోయినప్పుడు అన్ని పార్టీల రైతులూ కలిసే నష్టపోయారు. చిన్న కాళేశ్వరం ఎత్తిపోతల పథకం పూర్తవుతుందని అందరూ ఏళ్లుగా ఎదురుచూస్తున్నారు. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు కుంగాయి. తప్పెవరిదో తేల్చాల్సిందే. ఆ విచారణ హడావుడిలో ముంపు రైతు పరిహారం మరుగున పడకూడదు. ఇక్కడ దసలి పట్టు నేసే మగ్గానికీ ఇప్పుడైనా ఆసరా దొరకాలి.

శ్రీధర్‌బాబుపై ఆశ పెట్టుకోవడానికి కారణాలున్నాయి. 2014లో ఈ నియోజకవర్గమే ఆయన్ను ఓడించింది. 2018లో గెలిపించినా ఐదేళ్లు ప్రతిపక్షంలోనే కూర్చున్నారు. అధికారం అవతల ఉన్నవాళ్ల పని ఎక్కడ ఆగిపోతుందో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. తండ్రి, మాజీ స్పీకర్ శ్రీపాదరావును 1999లో నక్సలైట్లు పొట్టనబెట్టుకున్నది మహదేవపూర్ మండలంలోనే. అంత దుఃఖం మిగిల్చిన నేలకే వచ్చి సేవ చేస్తానని నిలబడ్డ మనిషి, తనకు ఓటు వేయని ఇంటిని దూరం పెడతారని అనుకోను.

అయితే మంత్రి మనసు పెద్దదైనంత మాత్రాన సరిపోదు. ఊళ్లో పెత్తనం చేసేవాళ్ల చేతులకు అడ్డుకట్ట ఉండాలి. ప్రతి జాబితానూ గ్రామసభలో చదివి వినిపించాలి, పంచాయతీ గోడకు అంటించాలి. పేరు రానివాళ్లకు కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. పంట నష్టాన్ని అధికారులు చేనుకు పోయి లెక్కగట్టాలి. మొదటి జాబితాతోనే ఈ పద్ధతి మొదలవ్వాలి. అందులో అర్హత ఉన్న ప్రతిపక్ష కార్యకర్త పేరు కూడా కనిపిస్తే, ఈ గెలుపు మంథని అందరిదీ అవుతుంది.