మాటల మూలాలు: రిలీవ్

కష్టాన్ని తగ్గించడాన్ని తెలిపే ఆంగ్ల క్రియలు అనేకం ఉన్నాయి. వాటిలో తెలుగువారి నోట బాగా నలిగినది 'రిలీవ్'. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లి ఖరగ్‌పూర్, హిజ్లీ పరిసరాలలో స్థిరపడిన కుటుంబాలకు ఇది నిఘంటువులో వెదకవలసిన పదం కాదు. తన స్థానంలోకి మరొకరు వచ్చి పని అందుకునేదాకా స్టేషను మాస్టరు కుర్చీ విడువరాదు. ఆ రెండవ మనిషి వచ్చినప్పుడే మొదటి మనిషి 'రిలీవు' అవుతాడు. ఈ మాట మూలార్థం రైల్వే వాడుకలో చెక్కుచెదరక నిలిచి ఉంది.

లాటిన్ భాషలో 'లెవిస్' అంటే తేలికైనది. 'లెవారె' అంటే పైకెత్తడం. దానికి 'రె' అనే ఉపసర్గ చేరగా 'రెలెవారె' ఏర్పడింది. అది ప్రాచీన ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఆంగ్లంలో ప్రవేశించింది. లీవరు, ఎలివేటరు దీని బంధువులే. రాతి పలక మీద ఉబ్బెత్తుగా చెక్కిన శిల్పాన్ని 'రిలీఫ్' అనడానికీ ఈ పైకెత్తడమే కారణం. మన 'లఘువు', లాటిన్ 'లెవిస్' ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు నుంచి పుట్టినవి. కనుక 'రిలీవ్' చూపే చిత్రం బరువును ఎత్తి, మోసేవానికి తేలిక కలిగించడం. మనం సాధారణంగా వాడే 'ఉపశమనం' శమింపజేయడాన్ని, అంటే చల్లార్చడాన్ని సూచిస్తుంది. అక్కడ బరువు, ఇక్కడ మంట.

ఎత్తిన బరువు ఎక్కడికి పోతుంది? హిజ్లీ చరిత్రలోనే ఇందుకు ఉదాహరణ ఉంది. శాసనోల్లంఘన ఉద్యమకాలంలో బెంగాల్ చెరసాలలు నిండిపోగా, 1930లో ఇక్కడ నిర్బంధ శిబిరం తెరిచారు. చెరసాలల రద్దీకి 'రిలీఫ్' దొరికింది. నిర్బంధం మాత్రం తగ్గలేదు, చోటు మారింది. 1931 సెప్టెంబరు 16న అక్కడి నిరాయుధ నిర్బంధితులపై పోలీసులు కాల్పులు జరపగా సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. ఆ భవనంలోనే 1951లో దేశపు తొలి ఐ.ఐ.టి. ప్రారంభమైంది. నేడు హిజ్లీ స్టేషను మరొక విధమైన భారం పంచుకుంటున్నది. ఒడిశా నుంచి టాటానగర్ దిశగా సాగే కొన్ని దూరప్రయాణపు రైళ్లు ఖరగ్‌పూర్ జంక్షనుకు పోక ఇక్కడే ఆగి వెళతాయి.

ప్రయోగంలో కొన్ని మెలకువలు గమనించండి. 'రిలీవ్' నొప్పికీ వర్తిస్తుంది, మనిషికీ వర్తిస్తుంది. మనిషి తరువాత 'ఆఫ్' అనే విభక్తి వస్తే ఏ భారం దిగిందో తెలుస్తుంది. ఉద్యోగిని బాధ్యత నుంచి 'రిలీవ్' చేస్తారు. దొంగ ప్రయాణికుణ్ణి అతని పర్సు నుంచి 'రిలీవ్' చేశాడనడం ఆంగ్లేయుల చమత్కారం. దీని సోదరి 'అలీవియేట్' అలా కాదు. అది బాధకు, కొరతకు, పేదరికానికి మాత్రమే చెల్లుతుంది. రోగి నొప్పిని 'అలీవియేట్' చేయవచ్చు గాని, రోగిని చేయరాదు. పైగా అది భారాన్ని పలుచన చేస్తుందే తప్ప తుడిచివేయదు.

అనువాదంలో ఈ తేడా చిన్నది కాదు. 'పావర్టీ అలీవియేషన్' అన్నదానిని తెలుగులో తరచు 'పేదరిక నిర్మూలన' అని రాస్తుంటారు. మూలంలో ఉన్నది తగ్గించే ప్రయత్నం. అనువాదంలో చేరినది వేళ్లతో పెకలిస్తామన్న వాగ్దానం. అది నెరవేరనప్పుడు పాఠకుడు పథకాన్ని నిందిస్తాడు, మాటను కాదు. మందుల విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. నొప్పికి 'రిలీఫ్' ఇచ్చే మాత్రను 'నొప్పి నయం చేసే మాత్ర' అని రాస్తే, బాధ తగ్గగానే జబ్బు పోయిందని నమ్మి రోగి అసలు చికిత్సను మానుకోవచ్చు.

తగ్గింపు, ఊరట, ఉపశమనం, విముక్తి, నివారణ, నిర్మూలన: తెలుగులో మాటలకు కొరత లేదు. భారం పలుచబడిందా, భుజం మారిందా, పూర్తిగా దిగిందా అని ముందుగా విచారించుకుంటే వీటిలో తగినది తానే దొరుకుతుంది.