నెట్టుకొస్తున్న నెట్‌... తప్పెవరిది?

సాయంత్రం ఆరు గంటలు. మారతహళ్లిలో ఓ పీజీ. కడప నుంచి వచ్చిన ఓ కుర్రాడు ల్యాప్‌టాప్‌ ముందు కూర్చుని ఆన్‌లైన్‌ ఇంటర్వ్యూ ఇస్తున్నాడు. మూడో ప్రశ్నకు జవాబు చెబుతుండగా తెర బిగుసుకుపోయింది. రెండు నిమిషాల్లో నెట్‌ వచ్చింది. అప్పటికే అవతలివాళ్లు వెళ్లిపోయారు!

మర్నాడు రిపేరు షాపుకెళ్తే అక్కడ నెట్‌ గుర్రంలా పరిగెత్తింది. డాక్టరు ముందు దగ్గు రాదన్నట్టు! అయినా ఫార్మాట్‌ కొట్టి డబ్బు తీసుకున్నారు. నెట్‌ కుర్రాడొచ్చి 'లైన్‌ సరిగ్గానే ఉంది, మీ ల్యాప్‌టాపే' అన్నాడు. పీజీ ఓనరేమో 'నోడ్తీని' అని ఊరుకున్నాడు. ముగ్గురూ తలోవైపు తోసేశారు. మడివాళ, బీటీఎం లేఅవుట్‌, ఎలక్ట్రానిక్‌ సిటీ... తెలుగు కుర్రకారు ఉండే చోటల్లా వినిపించే గోడే ఇది.

పూర్తిగా పోయిన నెట్‌ను బాగు చేయడం తేలిక. వస్తూ పోతూ ఉండేదాంతోనే చిక్కు. దీన్ని పట్టాలంటే దొంగకు కాసినట్టు కాపు కాయాలి. ఎస్పీ రోడ్డుకు పరిగెత్తే ముందు గదిలోనే మూడు పరీక్షలు చేసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

ఒకటి. నెట్‌ ఆగినప్పుడు అదే వైఫైలో ఉన్న ఫోన్‌ చూడాలి. ఫోన్లోనూ ఆగితే ల్యాప్‌టాప్‌ను తిట్టి లాభం లేదు. ల్యాప్‌టాప్‌లోనే ఆగితే డివైస్‌ మేనేజర్‌లో వైఫై అడాప్టర్‌ తెరవాలి. కరెంటు ఆదా కోసం దాన్ని ఆపేయొచ్చనే టిక్కు అక్కడ ఉంటే తీసేయాలి. డ్రైవర్‌ను కంపెనీ సైటు నుంచి కొత్తగా వేసుకోవాలి.

రెండు. రూటర్‌ పక్కన కూర్చుని కేబుల్‌తో కలపాలి. అక్కడ నిలకడగా ఉంటే దోషం మధ్యలోని గాలిది, గోడలది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు 1, 6, 11... మూడే. వరసగా పీజీలున్న వీధిలో ఇన్ని రూటర్లూ ఆ మూడింటి మీదే పడి కొట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువే గానీ గోడలు దాటేసరికి అది బాగా బలహీనపడుతుంది.

మూడు. కమాండ్‌ ప్రాంప్ట్‌ రెండు కిటికీల్లో తెరిచి, ఒకదాంట్లో రూటర్‌ చిరునామాకు, రెండోదాంట్లో 8.8.8.8కు పింగ్‌ పెట్టాలి. వెనక మైనస్‌ టి చేరిస్తే ఆపేదాకా నడుస్తుంది. రెండూ ఆగితే తేడా ల్యాప్‌టాప్‌కూ రూటర్‌కూ మధ్య. మొదటిది నడుస్తూ రెండోది ఆగితే రూటర్‌ అవతల, లైన్లో. ల్యాప్‌టాప్‌ చిరునామా 169.254తో మొదలైతే రూటర్‌ నుంచి దానికి చిరునామా అందలేదన్నమాట. ఒక్క రూటర్‌కు గదులన్నీ తగిలిస్తే ఇలాంటివి మామూలే. ఆగిన టైములు కాగితం మీద రాసుకోవాలి. కరెంటు పోయి జనరేటర్‌ అందుకునే వేళకు అవి సరిపోతే రూటర్‌కు చిన్న బ్యాటరీ పెడితే చాలు.

ఇంతవరకూ కుర్రాడి పని. ఇక అసలు సంగతి. కనెక్షన్‌ ఓనరు పేరున ఉంటుంది. అద్దెలో నెట్‌ డబ్బు కట్టేది కుర్రాడైనా కంపెనీ లెక్కలో అతను వినియోగదారుడే కాడు. ఫిర్యాదు చేసి డాకెట్‌ నంబరు తీసుకోవాలన్నా, జవాబు నచ్చకపోతే అప్పీలు అథారిటీకి వెళ్లాలన్నా కనెక్షన్‌ ఉన్నవాడే కదలాలి. టెలికాం ఫిర్యాదులను వినియోగదారుల ఫోరాలు వినొచ్చని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ఆ దారీ ముందు ఓనరుకే. కదలాల్సిన ఆయనకేమో ఇంటర్వ్యూ పోదు!

'ఆంధ్రా భోజనం, ఫ్రీ వైఫై' అని బోర్డు పెట్టి అద్దె వసూలు చేస్తున్నప్పుడు అది ఉచితం కాదు. నీళ్లు, కరెంటులాగే బాధ్యత. అంతస్తుకో రూటర్‌, దానికో బ్యాటరీ, ఫిర్యాదు నంబరు గోడ మీద... ఇంతకంటే ఎవరూ అడగడం లేదు. బెంగళూరు పీజీల్లో మనవాళ్లు నడిపేవీ బోలెడున్నాయి. కనీసం వాళ్లయినా ముందుకు రావాలి.

కుర్రాళ్లూ విడివిడిగా గొణుక్కోవడం మానాలి. పదిమంది కలిసి, టైములు రాసిన ఆ కాగితం ఓనరు చేతికివ్వాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఓనరు పెడతాడా?