అన్న కొన్నది పిస్టల్.. వదిన అడిగింది తాళం

పోయిన సంక్రాంతి నాడు డల్లాస్ దిక్కు ఉండే మా పెద్దనాయిన కొడుకు వీడియో కాల్ జేసిండు. సకినాలు చేసిన్రా, అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లున్నది అని అడుగుతడనుకున్న. అవన్నీ పక్కకు పెట్టి, బల్ల మీదున్న నల్ల డబ్బా తెరిచి చూపెట్టిండు. లోపల పిస్టల్. "తమ్మీ, ఇది నాది. మీ వదినకు గూడ ఒకటి తీస్కుంట. చిన్నది, అలకగున్నది, హ్యాండ్‌బ్యాగుల పట్టేది చూస్తున్న" అన్నడు. ఎనక వదిన గిన్నెలు సర్దుకుంట ఒక్క మాట మాట్లాడలే.

మాది జగిత్యాల దిక్కు పల్లె. మా నాయిన తరపోళ్లకు తుపాకి అంటే రాత్రిపూట తలుపు కొట్టిన చప్పుడు. అటు అన్నలు, ఇటు పోలీసులు. మా తరానికేమో సినిమా. గసోంటి వస్తువు మా ఇంటి మనిషి బల్ల మీద కొత్త ఫోన్ డబ్బా లెక్క కనపడేసరికి నాకు నోటమాట రాలే. ఆ నాటి నుంచి రెండు నెలలు అన్నతోని, వదినతోని మాట్లాడుకుంట, చదువుకుంట ఉన్న. తెలుసుకున్నది మీకు గూడ చెప్పాలనిపించింది. ఎందుకంటే ఇది మా ఒక్క ఇంటి ముచ్చట గాదు. మన ఊర్లెల్లి అమెరికా పోయిన పిల్లలు లేని మండలం ఇప్పుడు ఏడున్నది?

ముందుగాల ఒక మాట. అన్న భయం ఉత్త భయమని నేను కొట్టిపారెయ్య. 2017 ఫిబ్రవరిల కాన్సాస్ రాష్ట్రం ఓలేత్‌ల పని అయినంక సోపతిగానితోని కూసున్న మన హైదరాబాద్ ఇంజనీర్‌ను ఒకడు "మా దేశంలెల్లి పో" అని కాల్చి చంపిండు. ఆ ఏడు నుంచి మనోళ్ల గుండెలల్ల ఆ దడ అట్లనే ఉన్నది. అక్కడోళ్లు గూడ భయంతోనే కొంటున్నరు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2023ల అడిగితే, పెద్దోళ్లల్ల నూటికి 32 మంది మాకు తుపాకి ఉన్నదన్నరు. ఉన్నోళ్లల్ల నూటికి 72 మంది రక్షణే పెద్ద కారణం అన్నరు. వేట కోసం కొనేటోళ్లు దాని తర్వాతనే.

చట్టం గూడ అక్కడ అట్లనే ఉన్నది. 1791ల వాళ్ల రాజ్యాంగంల చేర్చిన రెండో సవరణ ఆయుధం పెట్టుకునే హక్కు ఇచ్చింది. 2008ల సుప్రీంకోర్టు ఇంట్ల రక్షణకు పిస్టల్ పెట్టుకునుడు మనిషి హక్కు అన్నది. 2022ల ఇంటి బయట ఎంట తిప్పుకునుడు గూడ హక్కే అన్నది. టెక్సాస్‌లనైతే 2021 సెప్టెంబర్ 1 నుంచి, చట్టం అడ్డు లేని 21 ఏండ్లు నిండినోళ్లు లైసెన్స్ లేకున్నా నడుముకు పెట్టుకొని తిరుగొచ్చు. బడులు, కోర్టులు, మందు అమ్మకమే పెద్ద ఆమ్దానీ అయిన బార్లు, ఇసోంటి తావుల మాత్రం కుదరది. కొనేటప్పుడు లైసెన్స్ ఉన్న దుకాణపాయన ఫారం నింపిపిస్తడు, పాత కేసులున్నయా అని కేంద్ర సర్కారు లెక్కలల్ల చూస్తడు. మా అన్నకు గ్రీన్ కార్డు ఉన్నది కాబట్టి అడ్డం రాలే. బర్రెను కొనాలంటే అంగడిల పండ్లు చూసి, పాలు పిండి చూసి కొంటం. అన్న పిస్టల్ కొనుడు మాత్రం ఒక్క పూటల అయిపోయింది.

ఇగ వదిన సంగతి. అన్న లెక్క ఏందంటే, ఆడమనిషి చెయ్యి చిన్నది కాబట్టి చిన్న పిస్టల్ కావాలె. వినడానికి సరిగ్గనే ఉన్నది గదా? గాని అక్కడి శిక్షకులు మొదట చెప్పే మాటే ఇది తప్పని. తుపాకి పేలినప్పుడు ఎనకకు తంతది. అదే తూటా అయితే, తుపాకి ఎంత అలకగుంటే అంత గట్టిగ తంతది. మనకు తెలిసిన లెక్కల చెప్తా. వడ్ల బస్తాలు నింపిన ట్రాలీ గుంతల పడితే కొద్దిగ ఊగుతది. ఖాళీ ట్రాలీ అయితే ఎగిరెగిరి పడుతది. పిస్టల్ గూడ గంతే. పొట్టి గొట్టంతోని గురి గూడ సక్కగ కుదరది. చిన్న పిస్టల్ మోసేటోనికి సుఖం, కాల్చేటోనికి కష్టం.

వదినను రేంజ్‌కు తోలుకపోయిన్రు. అన్న ముందుగాల ఐదు గుండ్లు పట్టే అలకటి రివాల్వర్ కిరాయికి తీసిచ్చిండు. నలభై తులాలంత బరువు గూడ ఉండదది. రెండు సార్లు కాల్చి వదిన కింద పెట్టేసింది, అరచెయ్యి మండుతున్నదన్నది. రివాల్వర్ వాడుడు తేలికే, స్లైడ్ గుంజే పని లేదు. గాని ట్రిగ్గర్ మస్తు బిగువు, ఐదు కిలోల దాకా బలం పెట్టాలె. కొత్త మనిషి ఆ బలం పెట్టేసరికే గురి తప్పుతది. తర్వాత చిన్న పిస్టల్ ఇస్తే స్లైడ్ ఎనకకు గుంజ రాలే. అన్న నవ్విండట. అక్కడ పాఠం చెప్పే ఆమె మాత్రం నవ్వలే. "పక్కకు జరుగు, నువ్వు కొనేది నీ కోసం గాదు" అన్నదట.

ఆమె వదిన చేతికి పాయింట్ 22 పిస్టల్ ఇచ్చింది. తన్నుడు లేదు, చప్పుడు తక్కువ. ఒక పూటంతా దానితోనే నిలబడే తీరు, పట్టుకునే తీరు నేర్పింది. తర్వాత గ్లాక్ 19 లాంటి నడిమి సైజు 9 ఎంఎం ఇచ్చింది. అది బరువే, గాని వదిన చేతిల నిలిచింది. స్లైడ్ గుంజే బలం లేనోళ్ల కోసమే స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 2018ల 380 షీల్డ్ ఈజెడ్ అని తీసింది. అదే ఏడు సిగ్ కంపెనీ పీ365 తెచ్చింది, చిన్నగుండి పది గుండ్లు పట్టేది. పేర్లు ఎన్నన్నా చెప్పొచ్చు. ఆమె చెప్పిన అసలు మాట ఒక్కటే: ఎవరు కాలుస్తరో వాళ్లే చేతపట్టి, కాల్చి చూసి, వాళ్లే ఎంచుకోవాలె. మొగడు ఎంచి పెండ్లానికిచ్చిన తుపాకి ఎక్కువసార్లు అలమారుల దుమ్ము పడుతది. అట్ల దుమ్ము పట్టిన తుపాకి ఇంట్ల ఉన్నోళ్లకే గండం.

నాలుగు నియమాలు గూడ బట్టీ పట్టిచ్చింది. ప్రతి తుపాకిల గుండు ఉన్నట్టే అనుకో. నాశనం చేయొద్దనుకున్న దాని దిక్కు గొట్టం తిప్పకు. గురి కుదిరి, కాల్చాలని అనుకునేదాక ట్రిగ్గర్ మీద ఏలు పెట్టకు. దేన్ని కాలుస్తున్నవో, దాని ఎనక ఏమున్నదో తెలుసుకో. టెక్సాస్ ఇండ్లల్ల నడుమ గోడలు కట్టె, జిప్సం పలక. తూటా గోడ దాటి పిల్లల అర్రల పడుతది.

ఇగ హ్యాండ్‌బ్యాగు ముచ్చట. 2014 డిసెంబర్ ఆఖర్ల ఐడహో రాష్ట్రం హేడెన్ ఊర్లె ఒక తల్లి రెండేండ్ల కొడుకును తీసుకొని దుకాణంకు పోయింది. ఆమె సంచిల పిస్టల్ ఉన్నది. పిల్లగాడు చెయ్యి పెట్టిండు, అది పేలింది, తల్లి అక్కడికక్కడే సచ్చిపోయింది. ఆమెకు తుపాకి తెల్వక గాదు, పర్మిట్ ఉన్న మనిషే. అందుకే శిక్షకులు సంచిల వద్దు, ట్రిగ్గర్ పూరాగ కప్పే గట్టి హోల్‌స్టర్‌ల ఒంటి మీదనే పెట్టుకో అంటరు. మా అన్న బిడ్డకు ఆరేండ్లు. వదిన హ్యాండ్‌బ్యాగుల చాక్లెట్ ఏడుంటదో ఆ పోరికే ముందుగాల తెలుస్తది.

గీడిదాకా అన్న అన్నిటికీ తల ఊపిండు. అసలు లొల్లి తర్వాత అయింది. వదిన నాతోని విడిగ మాట్లాడింది. "తమ్మీ, బయటి దొంగ వస్తడో రాడో నాకు తెల్వది. మీ అన్న కొలువు పోయి ఐదు నెలలైంది. రాత్రి రెండింటికి లేచి హాల్‌ల ఒక్కడే కూసుంటున్నడు. ఇంటి కిస్తీ ముచ్చట ఎత్తితే మాట్లాడడు. గిప్పుడు ఆ డబ్బా ఆయన మంచం పక్కన ఉన్నది. నాకు ఏ భయం ఎక్కువున్నదో నువ్వే చెప్పు" అన్నది.

నేను జవాబు చెప్పలే. లెక్కలు చూసిన. అమెరికాల 2023ల తుపాకితోని పోయిన పానాలు 46,728. దాంట్ల హత్యలే ఎక్కువుంటయనుకున్న. కాదు. 27,300 మంది తమను తామే కాల్చుకున్నోళ్లు. నూటికి 58. ఆ ఘడియ దాటితే మనిషి మల్ల బతుకుడు మీదికి వస్తడు, బతికి బయటపడ్డోళ్లల్ల ఎక్కువమంది తర్వాత మామూలుగనే బతుకుతరు. గాని తుపాకి ఆ ఘడియ దాటనియ్యది. స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు కాలిఫోర్నియాల లక్షల మందిని ఏండ్ల తరబడి చూసి 2022ల ఒక లెక్క చెప్పిన్రు. పిస్టల్ ఉన్న మనిషితోని ఒకే ఇంట్ల ఉండేటోళ్లు, జీవిత భాగస్వామి చేతుల తూటాకు పోయే ముప్పు, తుపాకి లేని ఇండ్లతోని పోలిస్తే ఏడింతలు. అట్ల పోయినోళ్లల్ల నూటికి 84 మంది ఆడోళ్లు.

తుపాకి ఉన్న ప్రతి ఇల్లు గట్లయితదని నేను అంటలే. కోట్ల ఇండ్లల్ల ఉన్నది, చానా మంది జాగ్రత్తగనే ఉంటున్నరు. నేను అనేది ఒక్కటే. రక్షణ అని కొనే వస్తువును లెక్క కట్టేటప్పుడు బయటి ముప్పు ఒక్కటే తూకం వెయ్యొద్దు. ఇంట్ల ఎవరున్నరు, వాళ్ల మనసు ఎట్లున్నది, పిల్లల చెయ్యి ఏడిదాక అందుతది, ఇవన్నీ తక్కెట్ల పెట్టాలె. ఏ మోడల్ కొనాలె అనే ప్రశ్న నాలుగోదో ఐదోదో. మొదటి ప్రశ్న, ఈ నెల మా ఇంట్ల తుపాకి ఉండొచ్చా?

గిప్పుడు అమెరికా పోయే, పోయిన తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక ముచ్చట గట్టిగ చెప్పాలె. స్టూడెంట్ వీసా, హెచ్1బీ వీసా మీద ఉన్నోళ్లు తుపాకి గాని తూటా గాని దగ్గర పెట్టుకునుడు అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నయి. టెక్సాస్‌ల అందరూ తిప్పుతున్నరు గదా అంటే నడువది. పదిహేనేండ్ల దాకా జైలు పడొచ్చు, వీసా పోతది, దేశంలెల్లి పంపిచ్చేస్తరు. సోపతిగాని పైసలతోని సోపతిగాని కోసం నీ పేరు మీద కొంటే అది గూడ నేరమే. రేంజ్‌ల రీల్ కోసం చేత పట్టేముందు వకీలును అడుగు. మినహాయింపు ఉన్నా గండం తప్పదు. 2024 నవంబర్ల అట్లాంటాల చదువుకునే మన పిల్లగాడొకడు పుట్టినరోజు నాడు తన వేట తుపాకి సాఫ్ చేస్తుంటే పేలి పానం ఇడిసిండని వార్తలు వచ్చినయి. ఆ అమ్మానాయినల గురించి ఒక్కసారి ఆలోచించున్రి.

మన దగ్గరి సంగతి గూడ తెలుసుకోవాలె. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం ఉన్నది. లైసెన్స్ హక్కు గాదు, సర్కారు ఇస్తేనే. 21 ఏండ్లు నిండాలె, పానానికి ముప్పు ఉన్నదని చూపెట్టాలె, పోలీసులు విచారణ చేస్తరు. మొగని లైసెన్స్ మీద పెండ్లాం వాడుడు కుదరది. మా అన్న బల్ల మీదున్న 9 ఎంఎం ఇక్కడ మామూలు మనిషికి ఇయ్యరు. 2019 సవరణతోని లగ్గాలల్ల, జాతరలల్ల జనం పానాలకు ముప్పు అయ్యేతట్టు గాల్లెకు కాలిస్తే రెండేండ్ల దాకా జైలు, లక్ష దాకా జుర్మానా. లైసెన్స్ లేని తపంచా పట్టుకొని స్టేటస్ పెట్టే తమ్మి తన మీద సాక్ష్యం తానే అప్‌లోడ్ చేసుకుంటున్నడు.

మా ఇంట్ల ఏమైందంటరా? వదిన అడిగింది పిస్టల్ గాదు, తాళం. గోడకు బిగించే ఇనుప పెట్టె తెప్పిచ్చింది. దాని నంబర్ ఆమెకే ఎరుక. అన్నకు రెండు రోజులు కోపం వచ్చింది, ఫోన్ గూడ ఎత్తలే. మూడో నాడు డాక్టర్ కాడికి పోయిండు. వదిన క్లాసుకు మాత్రం పోతున్నది. "ఇంట్ల ఉన్న వస్తువు నాకు తెలిసి ఉండాలె, దాంట్లెల్లి గుండ్లు తీసుడు నాకు రావాలె" అంటది. ఆమె పేరు మీద కొనుడు మాత్రం అన్నకు మల్ల కొలువు దొరికినంక, అప్పటికీ ఆమెకు కావాలనిపిస్తేనే.

మీ ఇంట్ల గూడ రాత్రి రెండింటికి లేచి కూసునేటోళ్లు ఉంటే అడుగున్రి, మాట్లాడున్రి. అక్కడ ఉన్నోళ్లు 988కు, మన దగ్గర టెలీ మానస్ 14416కు ఫోన్ జేయొచ్చు. మొన్న ఆదివారం అన్న కాల్ జేసిండు. ఈసారి అమ్మ మోకాళ్ల నొప్పి గురించే అడిగిండు.