ఫీజు లేని కాలేజీకి ఎంత ఖర్చవుతుంది?

(బెంచీ ముచ్చట్లు – 9)

పోయిన వారం రాస్తానని చెప్పి రాయలేకపోయాను. సెమిస్టర్ చివరికొచ్చింది, అటెండెన్స్ లెక్కలు తీసే పనిలో ఉన్నాను. ఈ భాగం ఆ లెక్కల గురించే.

ఆదివారం పొద్దున ఎర్రగడ్డ మార్కెట్‌కు వెళ్లాను. ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. పాత ఫోన్లు, పాత బూట్లు, పాత ఇనుము, ఎవరి ఇంట్లోంచో బయటపడ్డ కుక్కర్ మూతలు, అన్నీ నేల మీద పరిచి అమ్ముతారు. నేను మిక్సీ జారు కోసం పోయాను. ఒక ప్లాస్టిక్ పట్టా మీద పాత ఛార్జర్లు పేర్చుకుని కూర్చున్న పిల్లవాడు నన్ను చూసి తల దించుకున్నాడు. మా సెకండియర్ బీకాం పిల్లవాడు. మూడు వారాలుగా క్లాసులో కనిపించలేదు.

"సార్, సోమవారం నుంచి పక్కా వస్త సార్" అన్నాడు, నేనేమీ అడగకముందే.

పక్కన కూర్చుని టీ తాగుతూ మెల్లగా అడిగితే చెప్పాడు. ఉండేది బోరబండ. ఇంట్లో అమ్మ, ఇంటర్ చదివే చెల్లె. అమ్మ నాలుగిళ్లలో పని చేస్తుంది. ఇతను వారమంతా ఒక గోదాములో సామాన్లు ప్యాక్ చేస్తాడు, ఆదివారం మేనమామ పట్టా మీద కూర్చుంటాడు. "కాలేజీకొచ్చిన రోజు బస్సు, తిండి, జిరాక్సు కలిపి నూట యాభై పోతయి సార్. రాని రోజు ఐదు వందలొస్తయి" అన్నాడు.

కామర్స్ పిల్లవాడు కదా, లెక్క సరిగ్గానే చెప్పాడు. నేను మనసులో కూడాను. మా కాలేజీలో ఒక రోజు కూర్చోవడానికి అతనికి పడే ఖర్చు 650 రూపాయలు. మేమేమో కరపత్రం మీద పెద్ద అక్షరాల్లో 'ఉచిత విద్య' అని అచ్చు వేయించి ఊరంతా పంచుతున్నాం.

అవును, పంచుతాం. ప్రతి ఎండాకాలం ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లెక్చరర్లు జూనియర్ కాలేజీలకు, బస్తీలకు వెళ్లి పిల్లల్ని చేర్చమని అడుగుతారు. డాక్టరేట్ ఉన్నవాళ్లం, నెత్తిన కర్చీఫ్ కట్టుకుని కరపత్రాలు పంచడంలో నాకేమీ నామోషీ లేదు. మా తాత చాటింపు వేసినవాడే. ఆ గడపల్లో విన్నవి గుర్తుంటాయి. అమ్మలు రెండే అడుగుతారు. "ఇంగ్లీషు మీడియమేనా సారూ?" "నౌకరొస్తదా?" ఫీజెంత అని అడిగినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. ఫీజు అసలు ఖర్చు కాదని వాళ్లకు మనకన్నా ముందే తెలుసు.

అడ్మిషన్ల దగ్గరికి వద్దాం. 2016లో 'దోస్త్' వచ్చింది. డిగ్రీ సీట్లన్నీ ఆన్‌లైన్‌లో, ఒక్క దరఖాస్తుతో. దాన్ని ఊరికే తిట్టను. అంతకుముందు కాలేజీ కాలేజీకీ తిరిగి ఫారాలు కొని, క్లర్కుల ముందు నిలబడాల్సి వచ్చేది. ప్రైవేటు కాలేజీల్లో రిజర్వేషన్ రోస్టర్ ఎవరు చూశారు? దోస్త్ వచ్చాక ఎస్సీ, ఎస్టీ, బీసీ సీట్లు మిషన్ లెక్క ప్రకారం వస్తున్నాయి. అది మనకు మేలే.

కానీ ఆ తలుపుకు తాళంచెవి ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు. మన ఇళ్లల్లో ఫోన్ నంబరు ఎన్నాళ్లుంటుంది? రీఛార్జ్ అయిపోతే సిమ్ పోతుంది, కొత్తది కొంటారు. ఆధార్‌లో నాలుగేళ్ల కిందటి నంబరు ఉంటుంది. ఆ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరుందో దేవుడికే ఎరుక. ముందు దాన్ని మార్పించుకోవాలి. తర్వాత మీసేవలో కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్. ఆదాయం కాగితం మళ్లీ కొత్తది కావాలి, పాతది చెల్లదు. ఇవన్నీ అయ్యేసరికి మొదటి విడత ముగుస్తుంది. మొదటి విడతలో రిజిస్ట్రేషన్ 200 రూపాయలు, తర్వాతి విడతల్లో 400. ఆలస్యం ఎవరికి అవుతుందో వాళ్ల దగ్గరే రెట్టింపు తీసుకోవడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు.

ఓటీపీ కథ ఇంకోటి ఉంది. పోయినేడు మా హెల్ప్‌లైన్ సెంటర్‌కు ఒక అమ్మాయి వచ్చింది. తెరిచి చూస్తే ఆమె పేరు మీద అప్పటికే దరఖాస్తు ఉంది. ఒక్కటే ఆప్షన్, ఒక ప్రైవేటు కాలేజీ. ఆమె పెట్టలేదు. ఇంటర్ పరీక్షలప్పుడు ఒకాయన "స్కాలర్‌షిప్ రాయిస్తా" అని మెమో జిరాక్సు, ఓటీపీ తీసుకుపోయాడట. ఆమె సీటు ఆమెకు తెలియకుండానే అమ్ముడుపోయింది. దాన్ని రద్దు చేయించడానికి ఆమె నాలుగు రోజులు తిరిగింది. ఆ నాలుగు రోజుల కూలీ వాళ్ల నాన్న ఖాతాలో పోయింది.

ఇంకొక మాట పక్కకు వెళ్లి చెప్తాను. చర్చికి వెళ్లే మాల, మాదిగ పిల్లలు సర్టిఫికెట్ల దగ్గర ఎలా వణుకుతారో చూడాలి. మతం మారినట్టు కాగితంలో పడితే ఎస్సీ నుంచి బీసీ-సీకి పోతారు. ఎస్సీలకు 15 శాతం, బీసీ-సీకి 1 శాతం. వాడలో ఇల్లు మారదు, బావి మారదు, పేరు వెనక గుసగుస మారదు. కోటా మాత్రం మారిపోతుంది. దీని మీద వేరే భాగం రాస్తాను.

స్కాలర్‌షిప్ సంగతి మన పిల్లలకు చరిత్రతో సహా తెలియాలి. బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్నప్పుడు, 1942 అక్టోబరులో, షెడ్యూల్డు కులాల ఇక్కట్ల మీద వైస్రాయ్‌కు ఒక వినతిపత్రం ఇచ్చాడు. ఆ ఒత్తిడితో 1944లో ఏటా 3 లక్షల రూపాయలతో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఇప్పుడు మనం 'సర్కారు దయ' అనుకుంటున్నది అదే. అది పిల్లవాడి బతుకు ఖర్చును కూడా లెక్కలోకి తీసుకుంది. చదువుకునే వాడు తినాలి, ఉండాలి, పుస్తకం కొనాలి అని ఆయనకు తెలుసు. బొంబాయిలో ఇరుకు గదిలో చదివినవాడు కదా.

ఇప్పుడు కేంద్ర పథకంలో మామూలు డిగ్రీ చదివే డే స్కాలర్‌కు నిర్ణయించిన భత్యం ఏడాదికి 3,000 రూపాయలు. రోజుకు ఎనిమిది రూపాయల చిల్లర. ఎర్రగడ్డలో టీ ఇంతకన్నా ఎక్కువ. అది కూడా ఏ నెలలో పడుతుందో తెలియదు. ఫస్టియర్ డబ్బు ఫైనలియర్‌లో పడ్డ పిల్లలు నాకు తెలుసు.

ఇక్కడ మన వాళ్లతోనే నాకు ఒక తగువుంది. కోపం తెచ్చుకోకుండా చదవండి.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైంది. దాని వల్ల మన పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీల్లోకి వెళ్లారు. మా వాడకట్టులో మొదటి ఇంజనీరు అలాగే అయ్యాడు. దాన్ని తక్కువ చేయను. కానీ అప్పటి నుంచి మన ఉద్యమం ఎటు తిరిగిందో చూడండి. ఏటా మనం చేసే ధర్నాల్లో పెద్ద నినాదం 'బకాయిలు విడుదల చేయాలి'. బకాయిలు వేల కోట్లు. ఆ డబ్బు ఎవరికి పోవాలి? ప్రైవేటు యాజమాన్యాలకు. వాళ్లు మన పిల్లల టీసీలు, మెమోలు బీరువాల్లో పెట్టి తాళం వేస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపొద్దని యూజీసీ 2018లోనే చెప్పింది, వినేదెవరు? పిల్లవాడి నౌకరీ పోతుందని మనం రోడ్డెక్కుతాం. అంటే వాళ్ల బాకీ వసూలు చేసిపెట్టేది మనం, లాఠీ దెబ్బలు కూడా మనకే. ఎక్కొద్దని నేను అనను. పిల్లవాడి కాగితం విడిపించాల్సిందే. కానీ పదిహేనేళ్లకు పైగా ఆ డబ్బు ప్రైవేటు వైపు పారుతుంటే, సర్కారు డిగ్రీ కాలేజీలో బాత్రూం తలుపు కోసం, లైబ్రేరియన్ కోసం, మధ్యాహ్నం అన్నం కోసం మనం ఎన్ని ధర్నాలు చేశాం? వేళ్ల మీద లెక్కపెట్టండి, నేను ఆగుతాను.

అన్నం అన్నాను కదా. జడ్చర్ల ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లెక్చరర్లు సొంత డబ్బుతో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టారు. పొద్దున ఊళ్ల నుంచి ఖాళీ కడుపుతో వచ్చి మధ్యాహ్నానికే వెళ్లిపోతున్న పిల్లల్ని చూసి మొదలుపెట్టిన పని అది. ఆ సంగతి విని 2020 జులైలో అప్పటి ముఖ్యమంత్రి రాష్ట్రంలోని ప్రభుత్వ జూనియర్, డిగ్రీ కాలేజీలన్నిటిలో మధ్యాహ్న భోజనం పెడతామని ప్రకటించాడు. ఆ ప్రకటన పేపర్లో చదివి సంతోషపడ్డ మా బ్యాచ్ పిల్లలు డిగ్రీ ముగించుకుని వెళ్లిపోయారు. మా కాలేజీకి పొయ్యి రాలేదు.

పంజాగుట్ట మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు 2019 ఏప్రిల్ గుర్తొస్తుంది. జయంతికి ఒక్క రోజు ముందు అంబేద్కర్ విగ్రహాన్ని తీసేసి చెత్త లారీలో డంపింగ్ యార్డుకు పంపారు. నాలుగేళ్ల తర్వాత, 2023 ఏప్రిల్ 14న, ఇదే నగరంలో 125 అడుగుల విగ్రహం లేచింది. "విగ్రహం ఎందుకు, అదే డబ్బుతో అన్నం పెట్టొచ్చు కదా" అనేవాళ్లు నా పోస్టుల కింద ఎప్పుడూ ఉంటారు. వేరే విగ్రహాల దగ్గర వాళ్లకు ఆ ఆకలి గుర్తు రాదు. నాకు విగ్రహమూ కావాలి, అన్నమూ కావాలి.

బస్సు సంగతి చూడండి, ఒక చిన్న ఖర్చు తీసేస్తే ఏమవుతుందో తెలుస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. 218 బస్సులో సీటు దొరక్క మగవాళ్లు జోకులు వేస్తారు. నా క్లాసులో మాత్రం ఆడపిల్లల హాజరు నా కళ్ల ముందే పెరిగింది. ముందు వారానికి మూడు రోజులు వచ్చినవాళ్లు ఐదు రోజులు వస్తున్నారు. మగపిల్లవాడికి ఆ సంగతి లేదు. ఎర్రగడ్డ నుంచి ఖైరతాబాద్ కాలేజీకి పోయినా, కూకట్‌పల్లి కాలేజీకి పోయినా జేబులోంచి తీయాల్సిందే.

ఇక చదువు. నేను తెలుగు చెప్పేవాణ్ని, నా నోటితో చెప్తే సొంత డబ్బా అనుకుంటారేమో. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకుంటే మార్కులు పడతాయని ప్రైవేటు కాలేజీలు నేర్పాయి. సంస్కృతం పరీక్షను తెలుగు లిపిలో రాసి 98 తెచ్చుకున్న పిల్లవాడు నా క్లాసుకొచ్చి తెలుగులో ఒక సెలవు చీటీ రాయలేడు. ఇంగ్లీషులోనూ రాయలేడు. ఇంగ్లీషు మీడియం వద్దని నేను ఎప్పుడూ అనను. పెద్ద కులాల పిల్లలు కాన్వెంటుకు పోతూ మనకు మాతృభాష మీద ఉపన్యాసాలిస్తే నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఇంగ్లీషు మీడియం అని బోర్డు మార్చి, ఇంగ్లీషు నేర్పే మనిషిని ఇవ్వకపోతే అది మోసం.

జాషువా 'గబ్బిలం' చెప్పిన రోజు ఏమవుతుందో ఏటా చూస్తాను. 1941 నాటి పుస్తకం. వెనక బెంచీలో ఫోన్ చూసేవాడు తల ఎత్తుతాడు. క్లాసయ్యాక వరండాలో పట్టుకుని, "సార్, ఆయన మనోడేనా?" అని గొంతు తగ్గించి అడుగుతాడు. ఆ ప్రశ్న ఆన్‌లైన్ వీడియోను అడగలేడు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సందుల్లోనూ అడగలేడు. అక్కడ మా పిల్లలే, మా దగ్గర బీకాం రాసి, అప్పు చేసి పైథాన్ నేర్చుకుంటారు. మేము డిగ్రీ కాగితం ఇస్తే వాళ్లు పని నేర్పుతున్నారు. పిల్లవాడు ఒకే చదువుకు రెండుసార్లు చెల్లిస్తున్నాడు. ఆ కంప్యూటర్ క్లాసు మా ల్యాబులో ఎందుకు జరగదు? ల్యాబు ఉంది. చెప్పే మనిషి గెస్ట్ ఫ్యాకల్టీ. గెస్టులను తీసుకునే ఉత్తర్వు క్లాసులు మొదలైన చాలా రోజులకు వస్తుంది. అప్పటికి సగం సెమిస్టర్ పోతుంది. నేనూ కొన్నేళ్లు గెస్టుగా చేశాను. చెప్పిన పీరియడ్‌కు డబ్బు, సెలవులకు సున్నా. దసరా నెలలో ఇంటి ఓనరుకు ముఖం చూపించలేక వెనక మెట్ల నుంచి వెళ్లేవాణ్ని. అలాంటి మనిషి క్లాసులో పిల్లలకు ఏం ధైర్యం చెప్తాడు?

విద్యార్థి సంఘాల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను అడిగేది ఇది. ఈసారి కలెక్టరేట్ ముందు కూర్చున్నప్పుడు బకాయిల పక్కన ఇంకో కాగితం పెట్టండి. స్కాలర్‌షిప్ భత్యం నెలనెలా పిల్లవాడి ఖాతాలో పడాలని, గెస్టుల నియామకం జూన్‌లోనే జరగాలని, మధ్యాహ్నం అన్నం పెట్టాలని రాయండి. పని చేసుకునే పిల్లల కోసం సాయంత్రం సెక్షన్ ఒక్కటైనా అడగండి. "ఓపెన్ యూనివర్సిటీ ఉంది కదా" అంటారు. ఉంది. దేశంలో మొదటిది, 1982లో మన దగ్గరే పుట్టింది, 1991లో బాబాసాహెబ్ పేరు పెట్టుకుంది. దానికి దండం. కానీ పని చేసే ప్రతి దళిత పిల్లవాడినీ దూరవిద్యకు పంపిస్తే, క్లాసురూములో బెంచీ ఎవరికి మిగులుతుంది?

ఇప్పుడు ఆ పిల్లవాడి సంగతి. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరుండాలి. పరీక్ష రాయడానికీ అంతే, మెడికల్ సర్టిఫికెట్ పెడితే 65కు ఒప్పుకుంటారు. అతనిది 52. డబ్బు రాక పనికి పోయాడు, పనికి పోయినందుకు ఆ డబ్బు రాదు. అతనికి జబ్బు లేదు. యాభై రూపాయలకు మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చే డాక్టరు మా కాలేజీ వెనక సందులోనే ఉన్నాడు. "అందరూ తెస్తరు సార్, నన్ను కూడా తెమ్మంటరా?" అని మార్కెట్లోనే అడిగాడు. నేను జవాబు చెప్పలేదు.

సోమవారం రాలేదు. మంగళవారం వచ్చాడు, రెండో పీరియడ్‌కు, గోదాము టీషర్టు మీదే. నేను హాజరు 52 అనే వేశాను. కింద ఒక పేజీ జత చేశాను, అతను ఏ రోజు ఎందుకు రాలేదో, ఆ నెలల్లో ప్రభుత్వం అతనికి ఎంత బాకీ ఉందో తారీఖులతో సహా. వాళ్లమ్మ పనిచేసే ఇళ్ల లెక్క కూడా రాశాను. అలాంటి కాగితానికి ఫారంలో కాలమ్ లేదని ఆఫీసులో అన్నారు. జత చేసే పంపమన్నాను. శనివారం ప్రిన్సిపాల్‌తో మీటింగ్ ఉంది. ఏమైందో వచ్చే భాగంలో రాస్తాను.